పుండాకు పరీక్ష

3వ తేదీ, సోమవారం

పూజ్యురాలైన అక్కయ్యగారి సన్నిధికి తమ్ముడు సవినయంగా నమస్కరించి విన్నవించుకొనునది:

ఇంతవరకు వ్రాసి కలం మూశాను. తేదీ వేయలేదు, వేస్తే పదకొండేళ్ల ఆలస్యం అంకెల్లో కనబడుతుంది. ఊరి పేరూ వేయలేదు. ఆవిడ పందొమ్మిదేళ్లు మసలిన ఇంటి చిరునామాను ఆవిడకే తెలియజేయడం హాస్యాస్పదం. సంబోధన మాత్రం నిర్దుష్టంగా కుదిరింది. తర్వాత ఏమి వ్రాయాలో తెలియనివాడు సంబోధనకు పూనుకోకూడదని ముప్పై నాలుగేళ్లు తరగతిలో చెప్పినవాణ్ణి నేనే. ఇది డైరీ కనుక తప్పు పట్టేవారు లేరు, నేను తప్ప.

సాయంత్రం పైవాటా అమ్మాయి వచ్చింది. కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఔషధ మొక్కల రసాలు రోగకారక బ్యాక్టీరియాను అడ్డుకోగలవా, వాటిలో ఏయే రసాయనాలున్నాయి అన్నది ఆమె విషయం. నివేదిక తెలుగులోనూ ఇమ్మని పైవాళ్లు అడిగారట. దిద్దిపెట్టమని ముప్పై పేజీలు నా ముందు పెట్టింది. మొదటి పేజీలోనే 'ఆకులు సేకరించబడినవి, ఎండబెట్టబడినవి, పొడి చేయబడినవి, బ్యాక్టీరియా చంపబడినవి' అని ఉంది.

"ఎవరిచేత?" అని అడిగాను.

"నాచేతే మాస్టారూ."

"అయితే 'చంపాను' అని వ్రాయి."

"సైన్సులో 'నేను' రాకూడదు మాస్టారూ. ఎవరు చేసినా అదే రావాలి కదా, అందుకని."

ఆ సమాధానం నాకు నచ్చలేదు. ఖండించడానికి ఏమీ తోచకపోవడం అంతకన్నా నచ్చలేదు.

5వ తేదీ, బుధవారం

నివేదిక సగం దిద్దాను. భాష సంగతి అలా ఉంచితే విషయం ఆసక్తికరమే. మూత ఉన్న గాజు పళ్లెంలో జిగురుగా ఉండే ఆహారం పోసి గట్టిపడనిస్తారు. దానిమీద బ్యాక్టీరియాను పలుచగా పూస్తారు. చిన్న చిన్న గుంటలు తొలిచి ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మొక్క రసం వేస్తారు. ఒక రోజు వెచ్చగా ఉంచితే బ్యాక్టీరియా పళ్లెమంతా పాలమీగడలా పరుచుకుంటుంది. రసంలో సత్తా ఉంటే దాని గుంట చుట్టూ మాత్రం ఏదీ పెరగక, తేటగా ఒక వలయం మిగులుతుంది. ఆ వలయం అడ్డుకొలతే మార్కులు. వలయం లేకపోతే సున్నా. సిఫారసుకు తావులేని ఇలాంటి పరీక్షను మా శాఖలో నేనెన్నడూ చూడలేదు.

కుళాయి పక్కన తొట్టిలో పుండాకు మొక్క ఉంది. మా ఇంట్లో దానికి వేరే పేరు లేదు. అక్కయ్య పెట్టిన మొక్క. బావగారు పోయాక కొడుకును వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చినప్పుడు, చేతి సంచిలో బట్టలకన్నా ముందు ఆ కొమ్మ పెట్టుకుని వచ్చింది. వీధిలో ఎవరి మోకాలు చెక్కుకుపోయినా, ఎవరి వేలు తెగినా మా గుమ్మంలోకే వచ్చేవారు. అక్కయ్యది హస్తవాసి అనేవారు. ఆవిడ చెయ్యి పడితే పుండు మానుతుందని వారి నమ్మకం.

మా ఆవిడకు షుగరు. కాలికి పుండు లేచినప్పుడు అక్కయ్య ఆ ఆకే వేసింది. కాలు పోయింది. తర్వాత మనిషే పోయింది. ఆ రోజుల్లో నేను వార్షిక పరీక్షల పేపర్లు దిద్దడంలో ఉన్నాను. అది ఇక్కడ అప్రస్తుతం.

ఈ ఆకు నిష్ప్రయోజనమని శాస్త్రం తేలిస్తే, అక్కయ్యతో మాట్లాడకుండా పదకొండేళ్లుగా నేను పట్టిన పట్టు సమంజసమేనని తేలుతుంది. ఆ ప్రకరణం ముగుస్తుంది. అంతకు మించి ఈ విషయంలో నాకే ఆసక్తీ లేదు. పైవాటా అమ్మాయిని అడిగాను. రెండు గుప్పెళ్లు చాలవు, తొట్టెడు ఆకు కావాలంది.

6వ తేదీ, గురువారం

ఆకు కోశాను. మొక్క బోడిగా మిగిలింది. నీళ్లు రోజూ పోసేదానికన్నా కొంచెం ఎక్కువ పోశాను.

12వ తేదీ, బుధవారం

ప్రయోగశాలకు వెళ్లాను. పని ఉండి కాదు. 'గది ఉష్ణోగ్రత' అన్నచోట ఆ గది ఎలాంటిదో చూడకుండా దిద్దడం సబబు కాదనిపించింది.

పొడుగాటి వసారా చివర గది. కాలిన పాలవాసనా, స్పిరిటు వాసనా కలిసి ఉన్నాయి. మా ఆకును నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, రెండు రోజులు ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి సీసాలో పోసి ఉంచారు. నల్లటి ఆకుపచ్చ. సీసామీద 'మాస్టారి ఆకు' అని చీటీ అంటించారు. ఆకు నాది కాదు అని చెప్పబోయి, ఎవరిదో చెప్పవలసి వస్తుందని మానుకున్నాను. తర్వాత ఎలాగూ చెప్పవలసి వచ్చింది. ఆ గది అటెండరు అడగకుండా ఏ మనిషినీ వదిలే రకం కాదు.

బ్యాక్టీరియాను పెంచే వెచ్చటి పెట్టె అతని అజమాయిషీలో ఉంది. వాటిని అల్లుళ్లు అంటాడు. ఎందుకని అడిగితే, వేళకు మేపాలి, వెచ్చగా పడుకోబెట్టాలి, కాస్త తేడా వస్తే అలుగుతాయి, ఇంత చేసినా మనకు చేసేది చెడే అన్నాడు. అతనికి ముగ్గురు అల్లుళ్లట.

రసాయన పరీక్షలు నా ఎదుటే చేశారు. ఒక గొట్టంలో ఏదో చుక్క వేయగానే ఆకురసం సిరా రంగుకు తిరిగింది, టానిన్లున్నట్టు. ఇంకొకటి కుదిపితే నురగ నిలిచింది, సాపోనిన్లు. మూడో దానిలో ఏమీ జరగలేదు. పైవాటా అమ్మాయి పట్టికలో రెండు ప్లస్సులు, ఒక ప్లస్సు, ఒక గీత పెట్టింది. రెండు ప్లస్సులంటే మంచి మార్కేనా అని అడిగాను. కాసేపటికి మళ్లీ అడిగాను. కేవలం స్పష్టత కోసం.

ప్లస్సులు ఉన్నంత మాత్రాన వలయం వస్తుందని చెప్పలేమంది. శుక్రవారం తెలుస్తుంది.

14వ తేదీ, శుక్రవారం

వలయం లేదు.

నాలుగు పళ్లాలు చూపించింది. డాక్టర్లు వాడే మందు వేసిన గుంట చుట్టూ వెడల్పాటి తేట వలయం. ఆమె పరీక్షిస్తున్న ఏడు మొక్కల్లో మూడింటికి చిన్నవో పెద్దవో ఉన్నాయి. మా గుంట చుట్టూ మీగడ అంచుదాకా వచ్చి ఆగింది. నేను వెలుతురుకు ఎత్తి చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అటెండరు ఒక భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సంతోషంగా ఉంది. నేననుకున్నదే జరిగింది. నిష్ప్రయోజనమని పదకొండేళ్ల క్రితమే నేను చెప్పాను. సంతోషంగా ఉంది.

15వ తేదీ, శనివారం

ఇక అక్కయ్యకు వ్రాయవలసిన అవసరం లేదు.

16వ తేదీ, ఆదివారం

అవసరం లేదు.

17వ తేదీ, సోమవారం

మేనల్లుడు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఈ చుట్టుపక్కల ఏ లిఫ్టు ఆగినా పది నిమిషాలు నా దగ్గర కూర్చుని పోతాడు. మా ఇద్దరి మధ్య పైకి అనుకోని ఒక ఒడంబడిక ఉంది. వాళ్ల అమ్మ గురించి నేను అడగను; అతను చెబుతాడు.

తొట్టి వైపు చూసి, ఆకంతా ఏమైందన్నాడు. చెప్పాను. పరీక్షలో తప్పిందని కూడా చెప్పాను. నా గొంతులో విజయం ధ్వనించాలని ప్రయత్నించాను.

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"తప్పిందని అమ్మకి ఎప్పుడో తెలుసు మామయ్యా. ఇక్కణ్ణుంచి వెళ్లాక ఒక ఏడాది వేసి చూసింది. అదే మొక్క, కొమ్మ తీసుకెళ్లి నాటింది కదా. ఒక్కళ్లకీ తగ్గలేదు. నా హస్తవాసి పోయిందిరా, మీ అత్తయ్యతోనే పోయింది అంది. అంతే, మానేసింది."

అతను మళ్లీ తొట్టి వైపు చూశాడు.

"ఇప్పుడు ఎవరైనా దెబ్బతో వస్తే డాక్టరు దగ్గరికి పొమ్మని తలుపేసేస్తుంది. మొన్న మా పాప పడి మోచెయ్యి గీరుకుంటే కూడా దగ్గరికి రాలేదు. నా చెయ్యి తగలకూడదు, మీ ఆవిణ్ణి కట్టు కట్టమను అంది. పాప ఏడుస్తుంటే గుమ్మం అవతలే నిలబడింది."

వెళ్తూ వెళ్తూ, మీరు కళ్లజోడు మార్చారా అని అమ్మ అడిగిందన్నాడు. లేదని చెప్పమన్నాను. అతను మెట్లు దిగాక, మార్చాననే చెప్పమని వెనక్కి పిలవబోయాను. ఎడమ అద్దం పగిలి రెండేళ్లయింది; ఇంకా దానితోనే చదువుతున్నానని తెలిస్తే ఆవిడ ఊరుకోదు.

ఊరుకోకుండా ఉంటే ఎంత బాగుండును.

18వ తేదీ, మంగళవారం

ఒక్క మాట వదలడం లేదు: అదే మొక్క. అదే మొక్క, అదే చెయ్యి. ఇక్కడ మానిన పుండు అక్కడ ఎందుకు మానలేదు? హస్తవాసి పోయిందనడం సమాధానం కాదు. సమాధానం లేదనడానికి మరో మాట.

పొద్దున కుర్చీలో కూర్చుని ఆవిడ పద్ధతిని మొదటినుంచి గుర్తు చేసుకున్నాను. అక్కయ్య ఏనాడూ ఆకు ఎండబెట్టలేదు, స్పిరిటు ముట్టలేదు. పచ్చి ఆకు దంచేది. రెండు నిమ్మకాయలు పిండేది. అమ్మ రాగి గిన్నెలో వేసి మూతపెట్టి, ఈ పొద్దుటినుంచి మర్నాటి పొద్దుటిదాకా కదపనిచ్చేది కాదు. మూత తీసేసరికి ఆకుపచ్చ నీలానికి తిరిగి ఉండేది. కుదిరిందిరా, అనేది నాతో. వంటింట్లోంచి మా ఆవిడ, వదినా, నీ తమ్ముణ్ణి కూడా అందులో ఒక రోజు నానబెట్టు, కాస్త మెత్తబడతాడు అనేది. ఇద్దరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వితే పోయేదేముంది.

ఆ రాగి గిన్నె నా బల్లమీదే ఉంది. అందులో ఎర్ర కలాలు వేసుకుంటున్నాను. ఆవిడ వెళ్లిపోయే రోజున దాన్ని సంచిలో పెట్టుకోబోతే, 'అది మా అమ్మది, ఇంట్లోనే ఉండాలి' అన్నాను. అమ్మ నాకొక్కడికే అమ్మ అయినట్టు. ఆవిడ సంచి మూసింది. గిన్నెను చీరకొంగుతో తుడిచి మరీ పెట్టి వెళ్లింది.

కలాలు తీసి, గిన్నె తోమి, మొక్కకు మళ్లీ చిగిర్చిన నాలుగు ఆకులతో, నాలుగు నిమ్మకాయలతో దాన్ని పట్టుకుని పైవాటాకు వెళ్లాను. పైవాటా అమ్మాయి నడుమున చెయ్యి పెట్టుకుని నన్ను అచ్చంగా నా ధోరణిలోనే మందలించింది. పద్ధతి మారితే ఫలితం మారుతుందని తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎందుకు దాచానంది. నువ్వు అడగలేదన్నాను. ఇలాంటి జవాబుకు నేను మార్కులు వేసేవాణ్ణి కాదు.

21వ తేదీ, శుక్రవారం

పందొమ్మిది మిల్లీమీటర్లు.

నా స్కేలుతో నేనే కొలిచాను. అద్దంలా తేట. దాని ముందు ఆమె ఏడు మొక్కలూ చిన్నబోయాయి. అటెండరు పళ్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ అల్లుళ్లు మీ అక్కగారికి జడిశారు మాస్టారూ" అన్నాడు. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది. ఆ గదిలో ఆవిరి ఎక్కువ.

ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే ఉత్తరానికి కూర్చున్నాను. మూడు పేజీలు. 'నీ ఆకు నెగ్గింది, నువ్వు నెగ్గావు, నీ హస్తవాసి ఎక్కడికీ పోలేదు, శాస్త్రమే రుజువు చేసింది, నీ గది కిటికీకి కొత్త తెర వేయిస్తాను, ఎప్పుడు వస్తావో వ్రాయి.' నా జీవితంలో ఇంత తప్పుల తడక వ్రాయలేదు. దిద్దబుద్ధి కాలేదు.

22వ తేదీ, శనివారం

ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్తుంటే మెట్లమీద పైవాటా అమ్మాయి కలిసింది. కవరు చూసి, మంగళవారందాకా ఆగమంది. ఇంకొక పళ్లెం పెట్టాలట, ఆకు లేకుండా.

"ఆకు లేకుండా ఆకు పరీక్ష ఏమిటి?"

"ఆకు లేకపోయినా వలయం వస్తే, అది ఆకుది కాదు కదా మాస్టారూ."

తర్కంలో లోపం లేదు. అందుకే కోపం వచ్చింది. వ్రాసిన మాట అబద్ధమని తేలితే మళ్లీ దిద్ది పంపడానికి నాకు ముఖం ఉండదు కనుక ఆగాను. కవరు బల్లమీద ఉంది. గిన్నె లేని చోట బల్లమీద గుండ్రంగా ఒక మరక ఉంది.

25వ తేదీ, మంగళవారం

పైవాటా అమ్మాయి తానే కిందికి వచ్చింది. గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. ఆకు, నిమ్మరసం గాజు గిన్నెలో ఉంచితే వచ్చిన వలయం పేరుకే. వట్టి నిమ్మరసానికి వచ్చినంతే. ఆకు లేకుండా వట్టి నిమ్మరసాన్ని రాగి గిన్నెలో ఒక రోజు ఉంచితే పందొమ్మిది. ఆకు ఉన్నా పందొమ్మిదే, లేకపోయినా పందొమ్మిదే.

"ఆకు కాదు మాస్టారూ. గిన్నె," అంది నెమ్మదిగా.

పులుపు రాగిని కొద్దికొద్దిగా కరిగిస్తుందట. బ్యాక్టీరియాకు రాగి గిట్టదట. ఆ నీలం రంగు దానిదే. అక్కయ్య చెయ్యి పడి మానాయనుకున్న పుండ్లలో కొన్నింటినైనా ఆ గిన్నె కాపాడి ఉంటుంది. ఆవిడ వెళ్లేటప్పుడు మొక్క తీసుకెళ్లింది, చెయ్యి తీసుకెళ్లింది. గిన్నె నేను లాక్కున్నాను. ఆవిడ పోగొట్టుకున్నాననుకుంటున్న హస్తవాసి పదకొండేళ్లుగా నా బల్లమీద ఎర్ర కలాలు మోస్తోంది.

అమ్మాయి లేవబోతుంటే అడిగాను. గిన్నె ఈ ఇంట్లోనే ఉన్న రోజుల్లోనే కదా మా ఆవిడ కాలు పోయింది, మరి అప్పుడెందుకు పని చేయలేదు అని.

"పళ్లెంలో మనిషి ఉండడు మాస్టారూ. షుగరు ఉన్న కాలు లోపల్నుంచి చెడుతుంది. పైన ఏం పూసినా లోపలికి అందదు. అప్పుడు ముఖ్యం రోజులే." మళ్లీ కుర్చీలో కూర్చుని, "ఆస్పత్రికి ఎన్నాళ్లకి తీసుకెళ్లారు?" అంది.

గుర్తు లేదన్నాను. నీ నివేదికలో ఇంకా నాలుగు పేజీలు మిగిలాయన్నాను. ఆమె నా ముఖం చూసి, పర్లేదు మాస్టారూ, నిదానంగా ఇవ్వండి అని వెళ్లిపోయింది.

26వ తేదీ, బుధవారం

మూడు పేజీల ఉత్తరం చించేశాను. ఆకు నెగ్గలేదు కనుక.

అందుకు కాదు.

27వ తేదీ, గురువారం

తొమ్మిది రోజులు.

28వ తేదీ, శుక్రవారం

మేనల్లుణ్ణి రమ్మని కబురు పెట్టాను. సాయంత్రం వస్తాడు. గిన్నెను పాత తువ్వాలులో చుట్టి ఉంచాను. దానితోపాటు పంపే ఉత్తరం ఇది. దీని నకలు ఒకటి ఇక్కడ ఉంచుకుంటున్నాను, రేపు నేనే మాట మార్చకుండా.

అక్కయ్యా,

అమ్మ గిన్నె పంపిస్తున్నాను. అది నీది. ఆ రోజు నీ చేతిలోంచి లాక్కోవడం తప్పు.

నీ హస్తవాసి పోలేదు. అది సగం నీ చేతిలో ఉంది, సగం ఈ గిన్నెలో ఉంది. నువ్వు వెళ్లాక పుండ్లు మానకపోవడానికి కారణం గిన్నె లేకపోవడం. పైవాటాలో ఉన్న అమ్మాయి ప్రయోగశాలలో పరీక్షించి చెప్పింది; వివరాలు మేనల్లుడు చెబుతాడు. ఆకులో ఏమీ లేదట. నీకు బాధ కలుగుతుందని తెలుసు, కాని నీతో ఇక ఒక్క అబద్ధం కూడా ఆడదలచుకోలేదు. మళ్లీ మందు వేయమని నేను అనడం లేదు. పెద్ద పుండ్లకు డాక్టర్లున్నారు. ఆ మాట ఈ ఇంట్లో అందరికన్నా ముందు అన్నదానివి నువ్వే.

అక్కడికే వస్తున్నాను. ఆ సోమవారం పొద్దున నువ్వు నీ మరదలి కాలి కట్టు విప్పి చూసి, నా గదిలోకి వచ్చావు. 'ఇది నా మందుకు లొంగేది కాదురా, రంగు మారింది, ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లు' అన్నావు. నేను తల ఎత్తలేదు. పేపర్లు ఇంకా మూడు కట్టలున్నాయి, అవి అయ్యాక చూద్దామన్నాను. నువ్వు మర్నాడూ చెప్పావు. ఆ మర్నాడూ చెప్పావు. నేను తీసుకెళ్లను, నువ్వు తీసుకెళ్తే నా మాట కాదన్నట్టని అన్నాను. నువ్వు నా ఇంట్లో ఉంటున్నదానివి, అందుకని ఆగిపోయావు. తొమ్మిది రోజులు నేను పేపర్లు దిద్దాను. తొమ్మిది రోజులు. తీసుకెళ్లేసరికి కాలు తీసేయవలసి వచ్చింది, ఆ తర్వాత డాక్టరు చేతులెత్తేశాడు.

అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసే, ఇంటికి వచ్చినవాళ్లందరి ముందూ, 'ఈవిడ ఆకే నా భార్యను చంపింది' అన్నాను. నువ్వు నా వైపు చూశావు. నిజం చెప్పేస్తావేమోనని భయపడ్డాను. నువ్వు చెప్పలేదు. ఈ పదకొండేళ్లూ ఎవరికీ, నీ కొడుక్కి కూడా చెప్పలేదని మొన్న అతని మాటల్లో తెలిసింది. పైగా ఆ నేరం నిజంగానే నీదనుకుని, మనవరాలి మోచెయ్యి కూడా ముట్టుకోకుండా గుమ్మం అవతల నిలబడుతున్నావట.

నీది కాదక్కయ్యా. నాది.

నీ గది అలాగే ఉంది. నేను పిలవడానికి అర్హుణ్ణి కాను. నువ్వు రాకపోతే నేనే వచ్చి మీ గుమ్మం అవతల నిలబడతాను. లోపలికి రమ్మనడం, అనకపోవడం నీ ఇష్టం.

చివరగా ఒక మనవి. నీకు చదువు వచ్చు, చూపూ బాగుందని విన్నాను. అయినా ఈ ఉత్తరం నువ్వు చదువుకోకు. నీ ఆకే చంపిందన్న మాట నేను పదిమందిలో, గొంతెత్తి అన్నాను. ఆనాడు విన్నవాళ్లలో ఇప్పుడు పిలిస్తే వచ్చేవాళ్లందరినీ పిలువు. నువ్వు వాళ్ల ముందు కూర్చో. మేనల్లుడిచేత దీన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదివించు. తొమ్మిది రోజులు అన్నచోట వాడు నా మీద జాలితో గొంతు తగ్గించబోతాడు. తగ్గించనివ్వకు.